ఆవకాయ ఆర్డర్ల షీటును జీఏ4కు కలిపిన కేసు

"ప్రకటనలకు పెట్టే డబ్బంతా గోదాట్లో పోసినట్టే ఉంది బాబూ. వచ్చే నెల నుంచి ఆపేద్దామనుకుంటున్నా."

రాజమండ్రి దగ్గర ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్మే ఒకావిడ ఈ మాట చెప్పడానికే నన్ను పిలిచారు. చిన్న వ్యాపారాల వెబ్‌సైట్లు, వాటి లెక్కలు చూసిపెట్టడం నా పని. ఆవిడ సైట్‌లో, వచ్చినవాళ్ల లెక్క రాసే గూగుల్ అనలిటిక్స్, అంటే జీఏ4, పెట్టింది కూడా నేనే. ల్యాప్‌టాప్ తెరిచి చూపించాను. ప్రకటన నొక్కి సైట్‌లోకి వచ్చినవాళ్లు వందల్లో ఉన్నారు. కొన్నవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. రిపోర్టు చూస్తే ఆవిడ అన్నది నిజమే.

వెనక వరండాలో చూస్తే సంగతి వేరుగా ఉంది. ఏప్రిల్ నెల, ఆవకాయ కాలం. ముగ్గురు ఆడవాళ్లు సీసాలకు మూతలు బిగిస్తున్నారు, రోజుకు ముప్పై నలభై పార్సిళ్లు కొరియర్‌కు పోతున్నాయి. మరి ఆ ఆర్డర్లన్నీ ఎక్కడినుంచి వస్తున్నట్టు?

వాట్సాప్ నుంచి. సైట్‌లో ఫొటోలు, ధరలు చూస్తారు. కొనే బటన్ నొక్కరు, దాని పక్కనున్న వాట్సాప్ బటన్ నొక్కుతారు. "వెల్లుల్లి లేనిది ఉందా అండీ?", "కారం కాస్త తగ్గించి పెడతారా?", "మా అబ్బాయి అమెరికా వెళ్తున్నాడు, సూట్‌కేసులో నూనె కారకుండా ప్యాక్ చేస్తారా?" ఇలాంటివి అడిగి, జవాబు విని, యూపీఐలో డబ్బు పంపుతారు. పచ్చడి కొనేవాడికి మాట్లాడే మనిషి కావాలి. ఆ అమ్మకం జీఏ4 కంట పడదు. అది గూగుల్ షీట్‌లో ఉంటుంది, ఆర్డర్లు రాసుకునే అమ్మాయి దగ్గర.

పని అర్థమైంది. షీట్‌లో "డబ్బు వచ్చింది" అని పడగానే ఆ అమ్మకం జీఏ4లోకి వెళ్లాలి. మామూలుగా కాదు, ఆ మనిషి మొదట ఏ ప్రకటన చూసి సైట్‌కు వచ్చాడో ఆ ఖాతాలోకే వెళ్లాలి. మధ్యలో ఎవరూ కాపీ పేస్ట్ చేయకూడదు. రెండు రోజుల పని అని చెప్పి వచ్చాను. మూడు వారాలు పట్టింది.

ఒక మాట ముందే చెప్తాను. షీట్‌లో ఉన్న లెక్కను గ్రాఫులుగా చూసుకుంటే చాలనుకునేవాళ్లకు ఇదంతా అక్కర్లేదు. గ్రాఫులు గీసే గూగుల్ టూల్ లుకర్ స్టూడియోకు గూగుల్ షీట్‌ను నేరుగా కలుపుకోవచ్చు, పది నిమిషాల పని. మాకు కావాల్సింది అమ్మకం మొత్తం కాదు, అమ్మకం వచ్చిన దారి. అందుకే ఇంత తంటా.

రంగుల్లో దాచిన లెక్క

మొదటి రోజు షీట్ తెరిచి చూశాక నాకు నోట మాట రాలేదు. ఒక గడిలో "2 కేజీ ఆవకాయ + గోంగూర అరకేజీ (పాత కస్టమర్)". ధర గడిలో "1,250/-". ఇంకో చోట "$60". తేదీలు కొన్ని గడికి కుడివైపు, కొన్ని ఎడమవైపు. డబ్బు వచ్చిందో లేదో చెప్పే కాలమే లేదు.

"డబ్బులు వచ్చినట్టు ఎలా తెలుస్తుందమ్మా?" అని అడిగాను.

"రంగు చూడండి సార్. పసుపంటే రాలేదండి. ఆకుపచ్చంటే వచ్చేసినట్టండి. ఎరుపంటే సీసా పగిలిందనండి" అంది ఆ అమ్మాయి, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు.

మనిషి కంటికి అది చక్కటి పద్ధతి. దూరం నుంచి చూసినా ఇవాళ ఎవరికి ఫోన్ చేయాలో తెలిసిపోతుంది. కానీ ఆటోమేషన్ టూల్ షీట్‌ను చదివేటప్పుడు గడిలోని విలువ ఒక్కటే తెస్తుంది. రంగు తేదు. ఆ వ్యాపారంలో అన్నిటికంటే ముఖ్యమైన సమాచారం మొత్తం యంత్రానికి కనపడని చోట ఉంది.

రంగులు మానేయమని చెప్పడం తేలికే. చెప్తే ఆ అమ్మాయి వారం రోజులు పాటించి, ఎనిమిదో రోజు మళ్లీ పసుపు పూస్తుంది. అందుకని "స్థితి" అనే కాలమ్ పెట్టి అందులో డ్రాప్‌డౌన్ ఇచ్చాను: డబ్బు రావాలి, డబ్బు వచ్చింది, పగిలింది. ఏది ఎంచుకుంటే దాన్నిబట్టి వరుస మొత్తం పసుపు, ఆకుపచ్చ, ఎరుపు అయ్యేలా కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టాను. రంగులు ఆమెవి ఆమెకే ఉన్నాయి, పైగా పూసే పని తప్పింది. ఈ ప్రాజెక్టు మొత్తంలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉందంటే ఇదే అనుకుంటాను.

తేదీల గొడవ వేరు. ఆ షీట్ లొకేల్, అంటే ఏ దేశపు పద్ధతిలో తేదీలు చదవాలో చెప్పే సెట్టింగ్, అమెరికాగా ఉంది. మన అలవాటు ప్రకారం 05/04/2025 అని కొడితే అది మే 4 అయిపోయింది. 12వ తేదీ దాకా ఇలా నెలా రోజూ తారుమారై కూర్చున్నాయి. 13/04/2025 అని కొట్టేసరికి పదమూడో నెల లేదు కాబట్టి షీట్ దాన్ని తేదీగా ఒప్పుకోలేదు, ఉత్త అక్షరాలుగా వదిలేసింది. తేదీ అయితే గడిలో కుడివైపుకు, అక్షరాలైతే ఎడమవైపుకు జరుగుతాయి. ఆ కుడి ఎడమల రహస్యం అదీ. సెట్టింగ్స్‌లో లొకేల్ ఇండియాకు మార్చాను. మారిస్తే కొత్తవి సరిగ్గా పడతాయి గానీ, ముందే తప్పుగా కూర్చున్నవి వాటంతట అవి సర్దుకోవు. నూటికి పైగా తేదీలు కొరియర్ రసీదులతో పోల్చి చేత్తో దిద్దాం. తర్వాత ఆ కాలమ్‌కు తేదీ తప్ప ఇంకేదీ పట్టని వాలిడేషన్ పెడితే, గడి మీద రెండుసార్లు నొక్కగానే క్యాలెండర్ వస్తోంది. ఇక కొట్టే పనే లేదు.

ధర కాలమ్‌లో అంకెలు మాత్రమే. "/-" అనేది ఫార్మాట్‌లో కనిపించేలా పెట్టాను, విలువలో ఉండదు. డాలర్ల కోసం పక్కనే కరెన్సీ కాలమ్. ఇది లేకుండా చేసిన మొదటి పరీక్షలో అరవై డాలర్ల ఆర్డర్ అరవై రూపాయలుగా వెళ్లింది. కరెన్సీ కోడ్ సరిగ్గా పంపితే జీఏ4 తనంతట తానే రూపాయల్లోకి మార్చుకుంటుంది.

పేరు, ఫోన్, చిరునామా కాలమ్‌లను కుడి చివరకు జరిపాను. మొదటి ఏడు కాలమ్‌లు దాటి టూల్ చదవకుండా రేంజ్ కట్టేశాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు జీఏ4కు పంపకూడదని దాని నిబంధనల్లోనే ఉంది. ఆ నిబంధన లేకపోయినా, పచ్చడి కొన్న పాపానికి ఎవరి ఫోన్ నంబరైనా పది చోట్లకు ఎందుకు తిరగాలి?

నాలుగు అక్షరాల చీటీ

వాట్సాప్‌లో మాట్లాడిన మనిషీ, సైట్‌లోకి వచ్చిన మనిషీ ఒకరేనని తెలిసేదెలా? జీఏ4 ప్రతి బ్రౌజర్‌కూ ఒక క్లయింట్ ఐడీ ఇస్తుంది, కుకీలో ఉండే పొడుగాటి అంకె అది. మెజర్‌మెంట్ ప్రోటోకాల్ అనే దారిలో బయటినుంచి ఈవెంట్, అంటే జరిగిన ఒక పని కబురు, పంపేటప్పుడు ఆ ఐడీని జతచేస్తే, ఆ అమ్మకం ఆ మనిషి ఖాతాలోకి చేరుతుంది. ఐడీని కస్టమర్ చేత రాయించలేం కదా.

అందుకని సైట్‌లోని వాట్సాప్ బటన్‌ను మార్చాను. నొక్కగానే నాలుగు అక్షరాల కోడ్ ఒకటి పుడుతుంది. ఆ కోడ్, క్లయింట్ ఐడీ రెండూ కలిసి ఒక వెబ్‌హుక్ (సైట్ నుంచి సమాచారం అందుకునే లింకు) ద్వారా "కోడ్‌లు" అనే వేరే ట్యాబ్‌లో పడతాయి. వాట్సాప్ తెరుచుకునేసరికి మెసేజ్‌లో "నమస్తే, పచ్చళ్ల గురించి అడగాలి. కోడ్: 7కే3ఎం" లాంటిది ముందే రాసి ఉంటుంది, అసలు కోడ్ ఇంగ్లిష్ అక్షరాల్లో. అమ్మాయి ఆర్డర్ రాసేటప్పుడు ఆ నాలుగు అక్షరాలు కోడ్ కాలమ్‌లో వేస్తుంది. ఓ, సున్నా, ఐ, ఒకటి తీసేశాను, చూసి రాసేటప్పుడు ఒకదాన్ని ఇంకొకటి అనుకుంటారని. మిగిలిన 32 గుర్తులతో నాలుగు స్థానాల్లో పది లక్షలకు పైగా కోడ్‌లు వస్తాయి. పచ్చళ్లకు అవి చాలు.

ఓ, సున్నాల విషయంలో నేను చూపించిన ఈ తెలివిని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

మధ్యలో పైపు

ఈ మెట్లన్నీ వరుసగా నడిపే వర్క్‌ఫ్లో కోసం ఎన్8ఎన్ అనే ఆటోమేషన్ టూల్ తీసుకున్నాను. నెలకు ఇన్ని టాస్కులని డబ్బు కట్టే టూల్స్ కూడా ఈ పని చేస్తాయి. కానీ సీజన్‌లో ఆర్డర్లు పెరిగితే బిల్లు కూడా పెరుగుతుంది, ఆవిడకు ఆ లెక్క నచ్చదు. ఎన్8ఎన్‌ను మన సొంత సర్వర్ మీద పెట్టుకోవచ్చు, నా దగ్గర చిన్న సర్వర్ ఒకటి ఎలాగూ ఉంది. షీట్‌లోనే కోడ్ రాసుకునే యాప్స్ స్క్రిప్ట్‌తో కూడా అయ్యేదే. కాకపోతే రేపు నేను లేకపోయినా ఇంకొకరు తెరిచి చూస్తే ఏది ఎక్కడికి పోతోందో బొమ్మలా కనపడాలనిపించింది.

పని తీరు ఇది. ప్రతి 15 నిమిషాలకు ఒకసారి షీట్ చదువుతుంది. "డబ్బు వచ్చింది" అని ఉన్నవీ, ఇంకా పంపనివీ ఏరుతుంది. కోడ్‌ల ట్యాబ్‌లో క్లయింట్ ఐడీ వెతుకుతుంది. ఆర్డర్ నంబర్, మొత్తం, కరెన్సీ, సరుకుల పేర్లతో పర్చేజ్ ఈవెంట్ కట్టి జీఏ4కు పంపుతుంది. స్థితి "పగిలింది"కి మారితే అదే ఆర్డర్ నంబర్‌తో రీఫండ్ ఈవెంట్ వెళ్తుంది.

మొదటి దెబ్బ తెలుగు నుంచే తగిలింది. వర్క్‌ఫ్లోలో "ఆర్డర్ నంబర్" అనే కాలమ్‌ను పేరుతో పిలుస్తుంటే ఖాళీ వస్తోంది. షీట్‌లో కళ్లెదురుగా కనపడుతోంది, అక్షరం తేడా లేదు. గంటన్నర పోయాక తెలిసింది. ఫోన్ కీబోర్డ్‌లో కొట్టిన శీర్షికలో పొల్లు తర్వాత కంటికి కనపడని అక్షరం ఒకటి ఉంది, నేను కొట్టినదాంట్లో లేదు. తెరమీద రెండూ ఒకటే, యంత్రానికి రెండు వేరు మాటలు. అప్పటినుంచి శీర్షికలూ డ్రాప్‌డౌన్ విలువలూ నేను చేత్తో కొట్టను, షీట్ నుంచే కాపీ చేసుకుంటాను.

రెండో దెబ్బ వారం తర్వాత. బాగా నడుస్తున్న వర్క్‌ఫ్లో ఉన్నట్టుండి షీట్ తెరవలేనంది. మళ్లీ లాగిన్ అయ్యాను. ఇంకో వారానికి మళ్లీ అదే. గూగుల్ క్లౌడ్‌లో మన యాప్‌ను "టెస్టింగ్" స్థితిలో వదిలేస్తే దాని అనుమతి ఏడు రోజులకే ముగుస్తుంది. డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది, చదవనిది నేను. మనిషికి కాక ప్రోగ్రామ్‌కు ఇచ్చే ఖాతా, సర్వీస్ అకౌంట్, ఒకటి తయారుచేసి, దాని ఈమెయిల్‌కు షీట్ షేర్ చేస్తే ఆ బాధ తీరింది.

అన్నీ పచ్చగానే ఉన్నాయి, రిపోర్టు ఖాళీ

అసలు టెన్షన్ పెట్టింది ఇది. ఎన్8ఎన్‌లో ప్రతి మెట్టు మీదా ఆకుపచ్చ టిక్ పడుతోంది. జీఏ4 వైపు నుంచి 204 అని జవాబు వస్తోంది, అంటే అందిందనే. రిపోర్టు తెరిస్తే ఒక్క పర్చేజ్ లేదు. రిపోర్టులకు ఒకటి రెండు రోజులు పడుతుందిలే అని ఆగాను. మూడో రోజూ లేదు.

మెజర్‌మెంట్ ప్రోటోకాల్ తీరే అంత. మనం పంపింది తప్పుల తడకైనా అది ఎర్రర్ అనదు, రెండు వందల వరుసలోని కోడే తిరిగిస్తుంది. ఉత్తరం పోస్టు డబ్బాలో పడిందని మాత్రమే దాని అర్థం, చిరునామా సరైనదని కాదు. తప్పులు పట్టడానికి వేరే పరీక్ష సర్వర్ ఉంది. దానికి పంపి చూశాను. తప్పుల జాబితా ఖాళీగా వచ్చింది, అంతా సవ్యమేనట.

మళ్లీ డాక్యుమెంటేషన్. ఈసారి కుదురుగా కూర్చుని చదివాను. ఆ పరీక్ష సర్వర్ ఈవెంట్ ఆకారాన్ని చూస్తుంది గానీ, మెజర్‌మెంట్ ఐడీ (ఏ సైట్ లెక్కలోకి వెళ్లాలో చెప్పే గుర్తు), ఏపీఐ సీక్రెట్ (పంపడానికి కావాల్సిన రహస్య తాళం) మనవేనా అన్నది చూడదు. వాటిని మనమే సరిచూసుకోవాలి. మెజర్‌మెంట్ ఐడీ నేను ఎక్కడినుంచి తీసుకున్నాను? రైల్లో ఉన్నప్పుడు ఆవిడను అడిగితే, స్క్రీన్‌ను ఫోన్‌తో ఫొటో తీసి పంపారు. అది చూసి కొట్టుకున్నాను. అందులో ఉన్నది సున్నా. నేను కొట్టింది ఓ.

కస్టమర్లు పొరపడతారని కోడ్‌లోంచి ఓ, సున్నాలు తీసేసిన మహానుభావుణ్ని నేనే.

దిద్దగానే రియల్‌టైమ్ రిపోర్టులో మొదటి పర్చేజ్ కనపడింది. అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఆకుపచ్చ టిక్కును నమ్మను. వర్క్‌ఫ్లో చివర రోజుకోసారి జీఏ4 డేటా ఏపీఐ నుంచి నాలుగు రోజుల కిందటి పర్చేజ్‌ల సంఖ్య తెచ్చుకుంటాను. ఆ రోజు షీట్ నుంచి వెళ్లినవాటితో పోలుస్తాను. తేడా వస్తే నా ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. ఇది మొదటి రోజునే కట్టి ఉండాల్సింది.

ఇంకో పొరపాటు కూడా ఒప్పుకోవాలి. పరీక్షల కోసం విడిగా ప్రాపర్టీ, అంటే జీఏ4లో వేరే లెక్క, పెట్టుకోకుండా అసలు దాంట్లోకే పంపాను. జీఏ4లోకి ఒకసారి వెళ్లిన ఈవెంట్‌ను వెనక్కి లాక్కునే బటన్ లేదు. ఆవిడ రిపోర్టులో ఏప్రిల్ నెలలో ఇప్పటికీ "పరీక్ష ఆవకాయ" అనే సరుకు అమ్ముడుపోయినట్టు ఉంటుంది.

వరుస మారితే, గడియారం మారితే

పంపిన ఆర్డర్‌కు గుర్తుగా మొదట అదే వరుసలో "పంపాం" అని రాసేవాణ్ని, వరుస నంబర్ పట్టుకుని. ఒకరోజు వర్క్‌ఫ్లో నడుస్తుండగానే ఆ అమ్మాయి షీట్‌ను ఊళ్లవారీగా సార్ట్ చేసింది, పార్సిళ్ల మీద చిరునామాలు అంటించడానికి. ఆమె చేసింది తన పనే. నా గుర్తులు మాత్రం పక్కవాళ్ల వరుసల్లో పడ్డాయి. కొన్ని ఆర్డర్లు రెండుసార్లు వెళ్లాయి, కొన్ని అసలు వెళ్లలేదు. రెండుసార్లు వెళ్లినవి లెక్క చెడగొట్టలేదు. ఒకే మనిషి నుంచి ఒకే ట్రాన్సాక్షన్ ఐడీతో రెండో పర్చేజ్ వస్తే జీఏ4 దాన్ని వదిలేస్తుంది. వెళ్లనివాటికే ఇబ్బంది. ఇప్పుడు ఆమె ట్యాబ్‌లో నేను ఏమీ రాయను. "పంపినవి" అనే వేరే ట్యాబ్‌లో ఆర్డర్ నంబర్, సమయం కింద కింద చేరుతూ పోతాయి, కొత్తవి ఏరేటప్పుడు దాంతో పోల్చుకుంటుంది. ఆమె ఎన్నిసార్లు సార్ట్ చేసుకున్నా సరే.

గడియారం సంగతి ఇంకా తమాషా. తేదీ ఇవాళ్టిదైతే సమయం జతచేయకుండా పంపేస్తాం. నిన్న మొన్నటిదైతే ఆ రోజు మధ్యాహ్నం 12 గంటలని వేసి పంపుతాం. ఉదయం పూట రాసిన ఆర్డర్లు మాత్రం "రేపటి తేదీ" అని పక్కన పడిపోతున్నాయి. తొమ్మిదిన్నర దాటాక రాసినవి శుభ్రంగా వెళ్తున్నాయి. ఎన్8ఎన్‌ను సొంత సర్వర్‌లో పెట్టినప్పుడు మనం మార్చకపోతే అది న్యూయార్క్ టైమ్‌లో ఉంటుంది. వేసవిలో మన ఉదయం తొమ్మిదిన్నరకు అక్కడ అర్ధరాత్రి దాటుతుంది. అప్పటిదాకా దాని దృష్టిలో ఇంకా నిన్నే. టైమ్‌జోన్ కోల్‌కతాకు మార్చాను, అయిపోయింది.

షీట్ తేదీని ఒక అంకెగా దాచుకుంటుంది. 2025 మే 1 అంటే దానికి 45778. అందులోంచి 25569 తీసేసి 86400తో గుణిస్తే సెకన్లు వస్తాయి. మన ఐదున్నర గంటల కోసం మరో 19800 తీసేయాలి. దాన్ని మైక్రోసెకన్లుగా మార్చి పంపాలి. ఈ వరుసలో ఏది మర్చిపోయినా ఎర్రర్ రాదు, లెక్క మాత్రం తప్పుతుంది.

వెనకటి తేదీతో పంపడానికి 72 గంటలే గడువు. ఆదివారం వచ్చిన డబ్బు గురువారం రాస్తే కుదరదు. అలాంటివి "ఆలస్యం" అనే ట్యాబ్‌లో పడతాయి, జీఏ4కు వెళ్లవు.

ఏం తేలింది

ఆరు వారాల లెక్క పట్టుకుని మళ్లీ వెళ్లాను. సెషన్ సోర్స్ రిపోర్టు చూపించలేదు. మాట్లాడి కొనేసరికి ఒక్కోసారి రెండు మూడు రోజులవుతుంది కాబట్టి ఆ రిపోర్టులో ఇలాంటి అమ్మకాలు సరిగ్గా కూర్చోవు. మనిషి మొదటిసారి ఏ ప్రచారం నుంచి వచ్చాడో చెప్పే ఫస్ట్ యూజర్ రిపోర్టు చూపించాను.

రెండు ప్రకటనలు నడుస్తున్నాయి. ఆవకాయ కలుపుతున్న వీడియో ఒకటి, ధరల పట్టికతో ఉత్త ఫొటో ఒకటి. ఆవిడకు వీడియో అంటే ప్రాణం, అందులో వాళ్లమ్మగారి చేతులు కనిపిస్తాయి. వీడియో చూసి వచ్చినవాళ్లు చాలామంది మాట్లాడారు, కొన్నవాళ్లు తక్కువ. ఫొటో చూసి వచ్చినవాళ్లు తక్కువగా మాట్లాడారు, ఎక్కువగా డబ్బు కట్టారు. ఆవిడ కాసేపు తెర వంక చూసి, "అయితే ధర చూసుకునే వస్తున్నారన్నమాట" అన్నారు. వీడియోకు పెట్టే డబ్బులో సగం ఫొటోకు మార్చారు. వీడియో పూర్తిగా ఆపమని నేను చెప్పలేదు, చెప్పినా వినేవారు కాదు.

కోడ్ లేని ఆర్డర్లు ఇంకా ఉన్నాయి. ముందే రాసి ఉన్న మెసేజ్ చెరిపేసి తమ మాట రాసేవాళ్లు కొందరు. స్నేహితులు నంబర్ ఇస్తే నేరుగా వచ్చేవాళ్లు కొందరు. వీళ్లకు ఏదో ఒక ఐడీ పుట్టించి పంపవచ్చు, కానీ అప్పుడు ఎక్కడినుంచి వచ్చారో తెలియని కొత్త మనుషులు జీఏ4 నిండా చేరతారు. అందుకే వాటిని పంపను. మొత్తం అమ్మకాల లెక్క లుకర్ స్టూడియోలో షీట్ నుంచే చూసుకుంటారు, జీఏ4లో దారి మాత్రం చూస్తారు. రెండు అంకెలు కలవవని ఆవిడకు మొదటే చెప్పి ఉంచాను.

మాగాయి ఎండబెట్టే రోజుల్లో ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, కోడ్ లేకుండా వచ్చినోళ్లని 'సైట్ చూశారా అండీ' అని నేనే అడుగుతున్నానండి. చూశామంటే చివర ఒక కాలమ్ పెట్టి టిక్ కొడుతున్నానండి. పర్వాలేదా?" తెరిచి చూశాను. పదహారు రోజుల టిక్కులు ఉన్నాయి, శీర్షిక కూడా పెట్టింది: "చూశారట". లుకర్ స్టూడియోలో ఆ కాలమ్‌తో ఒక చార్ట్ కట్టాను. శీర్షిక మార్చలేదు.